నారాలో బస ఎక్కడ? అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకి నా సలహా

మీరు అడిగింది ఇదీ: నవంబరులో అమ్మానాన్నలతో జపాన్ వస్తున్నారు, క్యోటోలో హోటల్ తీసుకుని నారాని ఒక్క పూటలో చూసి వచ్చేయాలా, లేక నారాలోనే రూమ్ తీసుకోవాలా, తీసుకుంటే ఏ వైపు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, ఇద్దరూ శాకాహారులు.

నారాలోనే ఉండండి. కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు. నేను ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాను, ఇండియా నుంచి మావాళ్ళు ఎవరొచ్చినా నారా తిప్పేది నేనే. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేయడమూ చూశాను, రాత్రి అక్కడే ఉండడమూ చూశాను, రెంటికీ పోలికే లేదు.

దూరం సమస్య కాదు, క్యోటో నుంచి రైల్లో ముప్పావుగంట అటూ ఇటూ, అంతే. సమస్య ఏంటంటే అందరూ అదే లెక్క వేసుకుని పదింటికి దిగి మూడింటి దాకా అక్కడే ఉంటారు, స్కూలు పిల్లల బస్సులు కూడా ఆ టైముకే వస్తాయి. తోదాయ్‌జీ అనే బౌద్ధాలయంలో పెద్ద బుద్ధుడి మందిరం ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొద్దున ఏడున్నరకి, నవంబరు నుంచి మార్చి దాకా ఎనిమిదింటికి తెరుస్తారు. తలుపులు తీసే వేళకి మీరు అక్కడుంటే ఆ దాదాపు 15 మీటర్ల విగ్రహం ముందు అమ్మగారు తీరిగ్గా నిలబడి దణ్ణం పెట్టుకోవచ్చు, వెనక నుంచి ఎవరూ తొయ్యరు. దారిలో నందాయ్‌మోన్ అనే పెద్ద ద్వారం వస్తుంది, దానికి రెండు వైపులా ఎనిమిది మీటర్ల ద్వారపాలకులు, 1203లో ఉంకేయ్, కైకేయ్ అనే శిల్పుల బృందం చెక్క ముక్కలు కలిపి చేసినవి. జనం లేనప్పుడు కింద నిలబడి తలెత్తి చూడండి, ఆ కండలు, ఆ గాలికి ఎగిరే బట్ట మడతలు చెక్కలో ఎలా తీశారో అనిపిస్తుంది.

నాన్నగారికి ముందే ఒక సంగతి చెప్పి తీసుకెళ్ళండి. 752లో ఈ పెద్ద బుద్ధుడి విగ్రహానికి నేత్రోన్మీలనం, అంటే కళ్ళు దిద్ది ప్రాణప్రతిష్ఠ, చేసింది దక్షిణ భారతం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే బౌద్ధ భిక్షువు. ఆయన పట్టుకున్న కుంచెకి పొడవాటి తాడు కట్టి, అక్కడ చేరినవాళ్ళు దాన్ని పట్టుకున్నారట, ఆ పుణ్యం అందరికీ అందాలని. ఆ కుంచె ఇప్పటికీ తోదాయ్‌జీ పాత ఖజానా అయిన షోసోయిన్ భాండాగారం వస్తువుల్లో ఉంది. మా నాన్న ఈ మాట విన్నాక అక్కణ్ణుంచి చాలాసేపు కదల్లేదు.

ఇక ఏ వైపు అన్నది. నారాలో రెండు స్టేషన్లు, ఇక్కడే చాలామంది తికమకపడతారు. కింటెత్సు అనే ప్రైవేటు రైల్వే వాళ్ళ నారా స్టేషన్ గుళ్ళుండే నారా పార్కుకి దగ్గర, తోదాయ్‌జీకి ఇరవై నిమిషాల నడక. జేఆర్ (జపాన్ రైల్వే) వాళ్ళ నారా స్టేషన్ ఇంకా పడమరగా ఉంటుంది, అక్కణ్ణుంచి గుడికి నడిస్తే అరగంట పైనే, పైగా వెళ్ళేటప్పుడు కొంచెం ఎత్తు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఈ తేడా రోజు చివర్లో బాగా తెలుస్తుంది. జేఆర్ దగ్గర హోటళ్ళు కొత్తవి, రూములు దొరకడం తేలిక, రెండు స్టేషన్ల నుంచీ పార్కు చుట్టూ తిరిగే సిటీ బస్సు ఉంది, అది నిజమే. అయినా మధ్యాహ్నం కాళ్ళు లాగుతున్నాయంటే రూముకెళ్ళి గంట నడుం వాల్చి మళ్ళీ రాగలగాలి కదా, అందుకే నా ఓటు కింటెత్సు వైపే, సరుసావా చెరువు చుట్టుపక్కల దాకా ఏదైనా పర్లేదు. ఒకటి గుర్తుంచుకోండి, టూరిస్టులు కొనుక్కునే జేఆర్ పాస్ కింటెత్సు రైళ్ళలో చెల్లదు.

నారామాచి అనే పాత పేట ఫోటోలు చూసి మనసు పారేసుకునే ఉంటారు. పాత వర్తకుల ఇళ్ళు, ముందు సన్నగా, లోపలికి పొడుగ్గా, మధ్యలో ఆకాశం కనిపించే చిన్న తోట, మన మండువా ఇళ్ళు గుర్తొస్తాయి. నాకూ చాలా ఇష్టం. మా అత్తగారు వచ్చినప్పుడు అలాంటి ఇంట్లోనే దిగాం. ఇల్లు అద్దంలా ఉంది, కానీ మేడ మెట్లు నిచ్చెనంత నిలువుగా ఉన్నాయి, పరుపులు నేల మీద. ఆవిడ తెల్లవారుజామున లేవడానికి పక్కనున్న చెక్క బల్లని పట్టుకుని రెండుసార్లు ఆగాల్సి వచ్చింది, బాత్రూమ్ చూస్తే కింద. మీ అమ్మగారికి మాత్రం వద్దు. సాయంత్రం ఆ వీధుల్లో నడవండి, టీ తాగండి, పడుకోవడం మంచమున్న చోట.

ర్యోకాన్, అంటే జపాన్ సంప్రదాయ సత్రం, అయితే రేటు సాధారణంగా మనిషికి ఇంత అని ఉంటుంది, రూముకి కాదు. బుక్ చేసేటప్పుడు మనుషుల సంఖ్య సరిగ్గా వేయండి. రాత్రి భోజనం కలిపే ఉంటుంది కాబట్టి శాకాహారం సంగతి బుకింగ్ అప్పుడే తేల్చుకోవాలి, వెళ్ళాక చెబితే కుదరదు. మాంసం లేదంటే సరిపోదు, చేపల రసం కూడా వద్దని విడిగా రాయండి, ఎందుకంటే సూపులోనూ ఉడికించిన కూరల్లోనూ అదే ఉంటుంది. వాళ్ళు కుదరదని జవాబిస్తే నిజాయితీగా చెప్పినట్టే, అలాంటప్పుడు భోజనం లేని ప్లాన్ తీసుకోండి. మీ పరిస్థితికి మామూలు బిజినెస్ హోటలే సుఖం. అందులో ‘ట్విన్’, అంటే రెండు విడి మంచాలు, అని చూసి తీసుకోండి. ‘సెమీ డబుల్’ అంటే 120 సెంటీమీటర్ల మంచం, ఇద్దరు పెద్దవాళ్ళకి ఇరుకు. బాత్రూమ్ గడప ఎత్తుగా ఉంటుంది, టబ్బు అంచు ఇంకా ఎత్తు, కాబట్టి పట్టుకోవడానికి కడ్డీ ఉందో లేదో మెయిల్ పెట్టి అడగండి, చాలా హోటళ్ళు జవాబిస్తాయి. టాయిలెట్లో నీళ్ళ స్ప్రే ఎలాగూ ఉంటుంది, ఆ టెన్షన్ లేదు. రూమ్‌లో వేడినీళ్ళ కెటిల్ ఉంటుంది, ఇన్‌స్టంట్ ఉప్మా, పొడులు తెచ్చుకోండి, పచ్చి కరివేపాకు, పళ్ళు మాత్రం వద్దు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. రాత్రి దుకాణాలు త్వరగా కట్టేస్తారు, ఏడింటిలోపే తినేయండి.

తేదీలు కూడా చూసుకోండి. అక్టోబరు చివర నుంచి నవంబరు మొదటి వారాల దాకా నారా జాతీయ మ్యూజియంలో షోసోయిన్ వస్తువుల ప్రదర్శన జరుగుతుంది, ఆ రోజుల్లో రూములు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి. ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే రూమ్ ఇప్పుడే పట్టి పెట్టుకోండి.

రెండు రాత్రులు ఉండగలిగితే రెండో రోజు పొద్దున హోర్యూజీ అనే బౌద్ధాలయానికి వెళ్ళండి, ప్రపంచంలో ఇప్పటికీ నిలిచున్న చెక్క కట్టడాల్లో అన్నిటికన్నా పాతవి అక్కడే ఉన్నాయి, 1993లోనే యునెస్కో జాబితాలో చేరింది. దానికి మాత్రం జేఆర్ నారా నుంచే రైలు, పన్నెండు నిమిషాలు, దిగాక బస్సు ఉంది. కింటెత్సు వైపు హోటల్ నుంచి ఆ స్టేషన్‌కి టాక్సీ పెట్టుకోండి, అందరికీ కలిపి పెద్ద ఖర్చు కాదు. పెద్ద సూట్‌కేసులు క్యోటో హోటల్ రిసెప్షన్‌లో ఇచ్చి తర్వాతి ఊరి హోటల్‌కి పార్సిల్ చేయించేయండి, నారాకి ఒక్కొక్కరు ఒక చిన్న సంచీతో రండి.