లోన్‌తో పాటు అంటగట్టిన ఇన్సూరెన్స్: డిప్రెషన్ మందులు వాడుతూ ఆ డబ్బు నేను ఎలా రాబట్టుకున్నాను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆరు లక్షల పర్సనల్ లోన్‌లో ఇరవై నాలుగు వేలు ఇన్సూరెన్స్ కింద కోశారు. అడిగితే "మీరే ఒప్పుకున్నారు కదా" అంటున్నారు. రెండేళ్లుగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్నారు, బ్యాంకు నంబరు కనబడితే ఫోన్ ఎత్తడానికే భయంగా ఉంది, వదిలేయమంటారా అని అడిగారు. వదిలేయొద్దండీ. అలాగని రేపు పొద్దున్నే బ్రాంచికి వెళ్లి నిలదీయమనీ చెప్పను. నేను ముందు నిలదీశాను, తర్వాత కొన్నాళ్లు వదిలేశాను. రెండిటివల్లా పైసా రాలేదు.

నా సంగతి చెప్తాను. 2022 మార్చిలో అమ్మ మోకాలి ఆపరేషన్ కోసం నాలుగున్నర లక్షలు తీసుకున్నాను. అప్పటికే మూడేళ్లుగా డిప్రెషన్‌కీ, యాంగ్జైటీకీ మందులు నడుస్తున్నాయి. ఆ వారం ఆసుపత్రి చుట్టూ తిరగడంతో సరిగ్గా నిద్ర కూడా లేదు. బ్రాంచిలో ఒక కుర్రాడు ట్యాబ్ పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. "సార్, ఓటీపీ వచ్చింది చూడండి" అన్నాడు, చెప్పాను. "ఇంకోటి వస్తుంది సార్." చెప్పాను. "ఇదే లాస్ట్ సార్." అదీ చెప్పాను. పది నిమిషాల్లో పని అయిపోయింది. మంచి కుర్రాడే, మంచినీళ్లు కూడా తెప్పించాడు. ఖాతాలో 4,21,680 రూపాయలు పడ్డాయి. ఖర్చులేవో పట్టుకున్నారులే అనుకుని ఊరుకున్నాను.

నేను చేసేది అకౌంట్స్ ఉద్యోగం. ఆఫీసులో పదిహేను రూపాయలు తేడా వస్తే సాయంత్రం దాకా వెతికేవాణ్ణి. నా సొంత లోన్ స్టేట్‌మెంట్ మాత్రం అయిదు నెలలు తెరవలేదు. ఈ జబ్బు ఉన్నవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బ్యాంకు కవరు వస్తే చింపకుండానే ఫ్రిజ్ మీద పెట్టేవాణ్ణి. ఆగస్టులో చింపి చూస్తే ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ కలిపి 10,620. దాని కింద ఇన్సూరెన్స్ ప్రీమియం (లోన్ తీరేలోపు నేను పోతే బాకీ కట్టే పాలసీ అన్నమాట) 15,000, దానిమీద జీఎస్టీ 2,700. అంటే 17,700. అది కూడా లోన్‌లో భాగమే కాబట్టి దానిమీదా వడ్డీ కడుతున్నాను. 15 శాతం వడ్డీకి అయిదేళ్లు లెక్కేస్తే నెలకి 421 రూపాయలు, మొత్తం పాతిక వేల పైన. మీ ఇరవై నాలుగు వేలకి కూడా ఇలాగే లెక్క వేసి చూసుకోండి.

ఆ వేడిలో బ్రాంచికి వెళ్లాను. నాకు ఓటీపీలు కొట్టించిన కుర్రాడు వేరే ఊరికి బదిలీ అయ్యాడు. మేనేజర్ స్క్రీన్ నా వైపు తిప్పి "ఇదిగోండి, మీ ఓటీపీతోనే ఓకే అయింది" అన్నాడు. అరిచాను, మాట తడబడింది, ఒళ్లంతా చెమట. క్యూలో ఉన్నవాళ్లు చూస్తున్నారు. బయటికొచ్చి బండి స్టార్ట్ చేయడానికి అరగంట పట్టింది. ఆ తర్వాత ఆ రోడ్డులో వెళ్లాలన్నా గుండె దడే.

ఇల్లు కదలకుండా పని జరిగే ఏర్పాటు చేసింది ఖమ్మంలో ఉండే మా అక్క. ఈ గొడవ ఒక్కదానికే కొత్త ఈమెయిల్ ఐడీ తెరిచింది. పాస్‌వర్డ్ తన దగ్గరే పెట్టుకుంది. బ్యాంకుకీ, ఇన్సూరెన్స్ కంపెనీకీ "ఇకమీదట ఏదైనా ఈ ఐడీకి రాతపూర్వకంగానే పంపండి, ఫోన్లు చేయొద్దు" అని రాయించింది. జవాబు ఏదొచ్చినా తనే చదువుతుంది, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ చేసి నాకు చెబుతుంది. సోమవారం నుంచి శనివారం దాకా నేను ఆ ఊసే ఎత్తకూడదు. ఎత్తితే "అన్నం తిన్నావా?" అని అడిగి ఫోన్ పెట్టేసేది. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, ఆరు రోజులు ఇన్‌బాక్స్ చూడక్కర్లేదన్న ఒక్క నమ్మకం నాకు మందుతో సమానంగా పనిచేసింది. మీకు అలాంటి మనిషి ఎవరో చూసుకోండి. అమ్మానాన్నలే కానక్కర్లేదు, స్నేహితుడైనా చాలు. సంతకం మాత్రం మీదే ఉండాలి.

సెప్టెంబరులో పంపిన ఉత్తరం అరపేజీ. అందులో తిట్లు లేవు, నా బాధలూ లేవు. నాలుగు కాగితాలు అడిగాను: నా పేరుమీద నింపిన ప్రపోజల్ ఫారమ్, ఆరోగ్యం గురించి నేను ఇచ్చానంటున్న డిక్లరేషన్, పాలసీ సర్టిఫికెట్ నాకు చేరిందనడానికి రుజువు, వెరిఫికేషన్ కాల్ చేసి ఉంటే ఆ రికార్డింగ్. పాలసీ రద్దు చేసి ప్రీమియం తిరిగి ఇవ్వమని చివర ఒక వాక్యం. బ్యాంకు కంప్లయింట్ విభాగానికి ఒకటి, ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఒకటి. కంపెనీకి కూడా రాయడం తప్పనిసరి, ఎందుకంటే ముందు వాళ్లని అడక్కుండా పైకి వెళ్తే పైవాళ్లు తీసుకోరు.

అక్టోబరు మధ్యలో జవాబు వచ్చింది. "ఫ్రీ లుక్ గడువు దాటిపోయింది, రద్దు చేయలేము" అని. ఫ్రీ లుక్ అంటే పాలసీ కాగితం అందాక, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయడానికి ఇచ్చే గడువు. దానికి తోడు నేను అడిగిన ఫారమ్ కాపీ కూడా పంపారు. ఆ ఆదివారం అక్క ఫోన్లో చదువుతూ మధ్యలో ఆగి "ఒరేయ్, నీ ఎత్తెంతరా?" అంది. అయిదు అడుగుల నాలుగు అంగుళాలు అన్నాను. ఫారమ్‌లో 175 సెంటీమీటర్లు, అంటే దాదాపు అయిదు అడుగుల తొమ్మిది అంగుళాలు. బరువు 70. నామినీగా నాన్న పేరు ఉంది. నాన్న పోయి అప్పటికి రెండేళ్లు. పాలసీ సర్టిఫికెట్ పంపామన్న ఈమెయిల్ ఐడీలో నా పేరులో ఒక అక్షరం లేదు, కాబట్టి అది నాకు చేరే ప్రశ్నే లేదు. వీటన్నిటికీ కింద "మానసిక సమస్యలకు ఎప్పుడైనా చికిత్స తీసుకున్నారా?" అన్న గడిలో "లేదు". ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే దాచేవాణ్ణి కూడా కాదు, ఆ రోజు నా బ్యాగులోనే మందుల చీటీ ఉంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నా పాత మెసేజ్‌లు వెతికితే మూడో ఓటీపీ మెసేజ్‌లో ఇన్సూరెన్స్‌కి సమ్మతి అని స్పష్టంగానే రాసి ఉంది. అంటే "నాకు తెలియకుండా చేశారు" అని మొండిగా వాదించి ఉంటే ఆ మెసేజ్ చూపించి నా నోరు మూయించేవాళ్లు. మీరు కూడా "నేను ఒప్పుకోలేదు" అన్న చోటే ఆగిపోకండి. నా పేరు మీద ఏం నింపారు అన్నది అడగండి. మనలాంటి వాళ్లకి అసలు మోసం అక్కడే ఉంది. జబ్బు లేదని రాసిన ఫారమ్ మీద పాలసీ ఇస్తే, రేపు ఇంట్లోవాళ్లు క్లెయిమ్‌కి వెళ్లినప్పుడు "విషయం దాచారు" అని తిరగ్గొట్టొచ్చు. ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలైన మూడేళ్ల లోపు అలా ప్రశ్నించే వీలు వాళ్లకి ఉంది. నేను తీసుకున్నది అయిదేళ్ల లోన్. అందులో మొదటి మూడేళ్లు, అంటే బాకీ ఎక్కువగా ఉండే కాలమంతా, ఆ పాలసీకి గ్యారంటీ లేనట్టే.

ఇంత ఆయుధం చేతికి వచ్చాక కూడా నేను నాలుగు నెలలు ఏమీ చేయలేదు. నవంబరు నుంచి జబ్బు బాగా తిరగబెట్టింది. డోసు మార్చారు, పొద్దున పదకొండింటి దాకా మత్తుగానే ఉండేది. ఫైలు అక్క దగ్గరే ఉంది. ఆవిడ ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు, ఎందుకంటే కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాది దాకా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి) వెళ్లొచ్చని కనుక్కుని ఉంచింది. కంపెనీ అసలు జవాబే ఇవ్వకపోతే నెల రోజులు చూసి వెళ్లొచ్చు. కాబట్టి చెడ్డ వారాలు వస్తే భయపడకండి, క్యాలెండర్ మీద ఆ చివరి తేదీ ఒక్కటి రాసి పెట్టుకోండి.

2023 ఫిబ్రవరిలో అంబుడ్స్‌మన్ దగ్గర ఫిర్యాదు వేశాం. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆ ఆఫీసు హైదరాబాద్‌లో లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బ్యాంకు తన ఖాతాదారులందరికీ కలిపి తీసుకునే గ్రూప్ పాలసీలు కూడా వాళ్ల పరిధిలోకే వస్తాయి, కాబట్టి "మీది బ్యాంకు మాస్టర్ పాలసీ" అని ఎవరైనా చెప్తే బెదిరిపోకండి. నా జబ్బు సంగతి రుజువు చేయడానికి డాక్టరుగారి దగ్గర రెండు వాక్యాల సర్టిఫికెట్ తీసుకున్నాను: ఫలానా సంవత్సరం నుంచి నా దగ్గర చికిత్సలో ఉన్నారు, లోన్ తీసుకున్న తేదీకి మందులు వాడుతున్నారు. అంతే. మందుల పేర్లు, మాట్లాడుకున్న విషయాలు, పాత రిపోర్టులు ఏవీ ఇవ్వలేదు. అడిగినదానికన్నా ఎక్కువ ఎవరికీ చూపించాల్సిన పని లేదు.

మే నెలలో వీడియో కాల్‌లో విచారణ జరిగింది. ముందు రోజు రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పాల్సినవి అయిదు లైన్లు పెద్ద అక్షరాలతో రాసి లాప్‌టాప్ వెనక గోడకి అంటించాను. అక్క నా పక్కన కాకుండా కెమెరాకి కనబడకుండా నేలమీద కూర్చుంది. కంపెనీ తరఫున వచ్చినావిడ ఫ్రీ లుక్ గురించి చెప్పింది. సర్టిఫికెట్ చేరితే కదా ఆ గడువు మొదలయ్యేది అన్నాను, ఈమెయిల్‌లో తప్పు చూపించాను. తర్వాత గోడ మీది నాలుగో లైను చదివాను: "నా చికిత్స కాగితాలు ఇప్పుడు మీ ముందున్నాయి. ఈ ఫారమ్ మీద రేపు క్లెయిమ్ వస్తే చెల్లిస్తామని రాసిస్తారా?" ఆవిడ కాసేపు మాట్లాడలేదు, కనుక్కుని చెప్తానంది. మొత్తం పావుగంట కూడా పట్టలేదు. కాల్ అయ్యాక నేను వాంతి చేసుకున్న మాట కూడా చెప్పాలి, ఎందుకంటే సినిమాలో కోర్టు సీనులా ఏదో గెలిచినట్టు మీరు ఊహించుకుంటారేమో.

తీర్పు దాకా పోకుండానే కంపెనీ దిగొచ్చింది. పాలసీ రద్దు చేసి 17,700 తిరిగి ఇస్తామంది. జూన్‌లో ఒక మంగళవారం ఆ డబ్బు లోన్ ఖాతాకి జమ అయింది. అక్క ఆదివారం దాకా ఆగలేకపోయింది. అప్పటిదాకా దానిమీద కట్టిన వడ్డీ మాత్రం రాలేదు. దానికోసం మళ్లీ పోరాడాలా అని అడిగితే డాక్టరుగారు నా ముఖం చూసి "నీ ఇష్టం, కానీ ముందు పది రోజులు నిద్రపో" అన్నారు. నేను నిద్రపోయాను.

మీ విషయంలో కొన్ని తేడాలు ఉండొచ్చు. లోన్ 2024 అక్టోబరు 1 తర్వాత తీసుకుని ఉంటే మీకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇచ్చి ఉండాలి. అందులో ఇన్సూరెన్స్ ఖర్చు ఉందా, వార్షిక వడ్డీ రేటులో కలిపారా చూడండి. అందులో లేని ఖర్చు మీరు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప వేయకూడదు. ఫ్రీ లుక్ గడువు నా కాలంలో మామూలుగా 15 రోజులు, ఇప్పుడు 30 రోజులు, అదీ పాలసీ కాగితం మీ చేతికి వచ్చిన రోజు నుంచి. ఇంకా లోపలే ఉంటే ఇంత కథ అక్కర్లేదు, ఒక్క మెయిల్‌తో రద్దు చేయించుకోవచ్చు.

ఈఎంఐ మాత్రం కోపంతో ఆపకండి. ఫిర్యాదు వల్ల సిబిల్ స్కోరు పడదు, కట్టకపోతే పడుతుంది. ఒకవేళ ఇప్పటికే ఒకటో రెండో తప్పి ఉంటే, పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత రికవరీ వాళ్లు ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది, ఆ మాట వాళ్లకి మెయిల్‌లో రాసి పెట్టండి. బ్యాంకు మీద రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరికీ వెళ్లొచ్చు గానీ ఒకే గొడవని రెండు చోట్లా వేస్తే చిక్కు వస్తుంది. నన్నడిగితే ఫారమ్ తప్పుల మీద పోరాడేటప్పుడు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మనే మేలు. ఇన్సూరెన్స్ కంపెనీలని అదుపు చేసే ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో, లేదా 155255 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తే అది కంపెనీకే వెళ్తుంది, కాకపోతే పైనుంచి వచ్చింది కాబట్టి జవాబు త్వరగా కదులుతుంది.

రాత్రిళ్లు ఇదే తిరుగుతూ నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చేయండి, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి బ్యాంకు గురించి మొదలుపెట్టి నాన్న గురించి ముగించాను.

ఈ వారానికి ఒక్క పని చాలు, ఆ ఫారమ్ కాపీ అడుగుతూ ఒక మెయిల్. వచ్చాక అందులో మీ ఎత్తు ఎంత రాశారో ఇక్కడ చెప్పండి.