బట్టల మూటలు ఎందుకు?

ప్రశ్న: ఆఫ్రికా దేశం మలావీలోని బ్లాంటైర్ నగరంలో 11 ఏళ్లు ఒక దుకాణంలో లెక్కలు రాసి, నిరుడు తిరిగి వచ్చాను. జనవరి వస్తే అక్కడ మా వీధిలో చాలా ఇళ్లలో ఒంటిపూటే పొయ్యి వెలిగేది. స్నేహితులం కలిసి ట్రస్టు పెట్టి పాత బట్టలు, బియ్యం పంపాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఆ మూటలు పక్కన పెట్టండి. అక్కడి సంతల్లో ‘కౌంజిక’ పేరుతో విదేశాల పాత బట్టలు గుట్టలు పోసి అమ్ముతారని నాకన్నా మీకే బాగా తెలుసు. బియ్యమూ వద్దు. వాళ్లు తినేది న్సిమా, మొక్కజొన్న పిండి ముద్ద. పంట ఏప్రిల్ ప్రాంతంలో చేతికి వస్తుంది. డిసెంబరు, జనవరి నాటికి గాదెలు ఖాళీ, ధర ఆకాశంలో. మే నెలలో కొని దాచి, జనవరిలో పంచితే అదే డబ్బుకు ఎక్కువ బస్తాలు వస్తాయి. పురుగు పట్టకుండా చూసే మనిషి మాత్రం అక్కడే ఉండాలి.

ట్రస్టు విషయంలో, పాత ఆడిటరుగా చెబుతున్నాను, తొందరపడకండి. మన ట్రస్టు విదేశంలో ఖర్చు పెట్టే సొమ్ముకు, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి లేకపోతే, సాధారణంగా ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. ఇక్కడ నివసించే వ్యక్తి మాత్రం రిజర్వ్ బ్యాంకు నిబంధనల కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా, విరాళాలతో సహా, బ్యాంకు ద్వారా పంపవచ్చు. మీకు అంత అవసరం రాదనుకోండి! తొలి ఏడాది అక్కడ రిజిస్టరైన సంస్థకు ఎవరి పేరున వారు పంపండి.

మీ వీధి ‘చిగాయో’, అదే పిండిమర, నడిపే ఆయన ఇంకా ఉన్నారా? ఎవరు మొక్కజొన్న పట్టించుకోవడానికి రావడం మానేశారో ఆయనకు తెలుస్తుంది. ముందు ఆయనకు ఫోను చేయండి.