పాఠకుల ప్రశ్నలు: జర్మనీలో ఎండాకాలం, ఇంటినిండా సోల్జర్లు

ప్రశ్న: అక్కా నమస్తే. మా అమ్మాయికి 20 ఏళ్ళు, అమెరికాలోనే పుట్టింది, కాలేజీలో రెండో సంవత్సరం అయింది. చర్చిలో ఫ్రెండ్స్ చెప్పారని జర్మనీలో అమెరికన్ సోల్జర్ల కోసం నడిపే ఒక ఇంట్లో ఈ సమ్మర్ అంతా హెల్పర్‌గా ఉంటానంటోంది. డ్యూటీ లేనప్పుడు వాళ్ళు వచ్చి తిని కాసేపు కూర్చుని పోతారట, వీళ్ళు వండి పెట్టాలట. జీతం లేదు, పైగా టికెట్టు మనదే. మా ఆయనేమో "ఇక్కడ తిన్న ప్లేటు తీయదు, అక్కడికెళ్ళి ఊళ్ళోవాళ్ళకి వండుతుందా" అని నవ్వుతున్నారు. నా భయం అది కాదు, అందరూ మగపిల్లలు, తాగుడు, పైగా ఆర్మీ. పంపమంటారా?
- ఒక అమ్మ, డాలస్

జవాబు: ఈ ఉత్తరం చూసి నాకు నవ్వొచ్చిందమ్మా, ఎందుకంటే 2016 ఎండాకాలంలో నేను అచ్చంగా ఇదే పని చేశాను, పది వారాలు, బవేరియాలో విల్సెక్ అనే చిన్న ఊరి దగ్గర. అప్పుడు మేం న్యూజెర్సీలో ఉండేవాళ్ళం, నాకు నలభై దాటాయి, మా అమ్మ ఫోన్లో మీ ఆయన అన్నమాటే అంది కాస్త అటూఇటుగా.

ముందు ఆ చోటు సంగతి చెప్తా. విల్సెక్‌లో రోజ్ బ్యారక్స్ అని అమెరికన్ ఆర్మీ బేస్ ఉంది, సెకండ్ కావల్రీ రెజిమెంట్ ఉండేది అక్కడే. దాన్ని ఆనుకునే గ్రాఫెన్‌వేర్ ట్రైనింగ్ ఏరియా, మనవాళ్ళు ఫైరింగ్ రేంజ్ అంటారే అది, కాకపోతే 200 చదరపు కిలోమీటర్ల పైమాటే. బవేరియా రాజుల కాలంలో 1910లో అక్కడ మొదటి ఫిరంగి పేల్చారట, ఇప్పటికీ పేలుస్తూనే ఉన్నారు. వెళ్ళిన రెండో రాత్రి కిటికీ అద్దాలు గడగడలాడితే నేను లేచి కూర్చున్నా, పొద్దున పక్కింటి జర్మన్ పెద్దావిడని అడిగితే రాత్రి వాన పడిందా అన్నట్టు చూసింది నన్ను, ఆవిడకి అసలు వినపడనే లేదు!

ఆ ఇల్లు బేస్ బయట, గేటుకి నడిచేంత దూరంలో. ఇలాంటివి చాలావరకు చర్చిలకి సంబంధించిన సంస్థలే నడుపుతాయి. ఒక కుటుంబం ఏడాది పొడుగునా అక్కడే కాపురం ఉంటుంది, ఎండాకాలంలో మీ అమ్మాయిలాంటి వాళ్ళు ఒకరో ఇద్దరో సాయానికి వెళ్తారు. శుక్రవారం రాత్రి భోజనం, ఆ తర్వాత బైబిల్ స్టడీ (ఇష్టమైన వాళ్ళే కూర్చుంటారు, మిగతావాళ్ళు వెనక పెరట్లో బంతాట), శనివారం ఎక్కడికైనా ట్రిప్పు, ఆదివారం చర్చి తర్వాత మళ్ళీ భోజనం. మీ అమ్మాయి వెళ్ళే చోట మతం పాళ్ళు ఎంతో ముందే అడిగి తెలుసుకోండి, కొన్నిచోట్ల అది కొంచెం ఎక్కువే ఉంటుంది. అసలు చర్చే వద్దనుకునేవాళ్ళకి సోల్జర్ల కోసమే నడిపే, 1941 నుంచీ ఉన్న యూఎస్ఓ సంస్థ సెంటర్లున్నాయి, కాకపోతే వాటిల్లో చాలావరకు బేస్ లోపలే.

ఇక మీరు భయపడే మగపిల్లలు. వచ్చేవాళ్ళలో సగం మందికి పంతొమ్మిదీ ఇరవై, మీ అమ్మాయి క్లాస్‌మేట్ల వయసే. మొదటి శుక్రవారం ఆరడుగుల కుర్రాడొకడు వంటింట్లో ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నాడు, ఏదో వెతుక్కుంటున్నాడేమో అనుకున్నా, కాదు, తలుపు మూసే ఉంది, ఊరికే దాన్ని చూస్తున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడి "మ్యామ్, నేను ఇది తెరవొచ్చా?" అన్నాడు. తెరువు నాన్నా అన్నా, నాన్నా అంటే వాడికేం అర్థమైందో గానీ తెరిచి పాల డబ్బా తీసుకుని మళ్ళీ భద్రంగా మూశాడు. వాడు ఇంట్లోంచి వచ్చి ఏడు నెలలైందట, బ్యారక్స్ గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది కానీ ఇంట్లో వాళ్ళందరూ తెరిచి మూసే పెద్ద ఫ్రిజ్, తలుపు మీద మాగ్నెట్లు, లోపల నిన్నటి కూర గిన్నె, అది లేదుగా. ఆగస్టు వచ్చేసరికి ఎవరూ అడగడం మానేశారు, తలుపు తెరిచి "మ్యామ్, పాలు అయిపోయాయి" అని నామీదే కంప్లయింటు!

ఇంకోడు వచ్చేవాడు, మాట్లాడేవాడు కాదు, సోఫాలో పడుకుని మూడు గంటలు నిద్రపోయి లేచి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయేవాడు. నాకు మొదట్లో చిరాకేసింది, ఇంత వండితే తినకుండా పోతాడేంటని. ఆ ఇంటావిడ చెప్పింది, వాడి గది పక్కన రాత్రంతా గేములు, పొద్దున ఆరున్నరకల్లా పీటీ, ఇక్కడ ఎవరూ లేపరని వస్తాడు అని. అప్పట్నుంచీ వాడొస్తే నేను మిక్సీ వేయడం మానేశా. గిన్నెలు మేం తోముతాం అని సింకు దగ్గర పోటీలు పడేవాళ్ళు వేరే, కాబట్టి మీ ఆయనకి చెప్పండి, ప్లేటు తీయడం మీ అమ్మాయి వాళ్ళ దగ్గరే నేర్చుకుని వస్తుంది.

తాగుడు విషయం దాచను. అమెరికాలో 21 నిండితే గానీ బీరు ముట్టుకోనివ్వరు, జర్మనీలో బీరుకి 16 చాలు, దాంతో 19 ఏళ్ళ వాడికి దిగిన రోజే తాళాలు చేతికిచ్చినట్టు ఉంటుంది. నేనున్న ఇంట్లో మందు పూర్తిగా నిషిద్ధం, తాగి వచ్చినవాడిని గుమ్మంలోనే ఆపి ఇంకో సోల్జర్‌ని తోడిచ్చి బ్యారక్స్‌కి పంపేసేవాళ్ళు. నా పది వారాల్లో అది రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ ఇంటాయనే చూసుకున్నాడు, మమ్మల్ని బయటికి కూడా రానివ్వలేదు. మీరు మూడు అడగండి: అమ్మాయికి విడిగా గది, లోపలినుంచి గడియ ఉందా, రాత్రి ఎన్నింటికి అందరూ వెళ్ళిపోవాలి, హెల్పర్లు సోల్జర్లతో డేటింగ్ చేయొచ్చా. మూడోదానికి తడుముకోకుండా "సమ్మర్ అయ్యేదాకా కుదరదు" అన్నారంటే ఇల్లు పద్ధతిగా నడుస్తోందని. నీళ్ళు నమిలారంటే పంపొద్దు.

అమ్మాయికి కూడా కొన్ని చెప్పండి. ఎప్పుడు ఎక్కడికి వెళ్తున్నారు, ఎంతమంది, ఎప్పుడొస్తారు అని సోల్జర్లని అడగకూడదు, వాళ్ళే "ఫీల్డ్‌కి వెళ్తున్నాం" అంటారు, అంటే అడవిలో ట్రైనింగ్, సరే జాగ్రత్త అని ఊరుకోవాలి. ఫొటోలు వాళ్ళని అడక్కుండా ఇన్‌స్టాలో పెట్టకూడదు. బేస్ లోపలికి మిలిటరీ ఐడీ లేకుండా వెళ్ళలేరు, ఎవరైనా సైన్ చేసి తీసుకెళ్ళాలి. లోపలి షాపులో సరుకులకి జర్మన్ పన్ను ఉండదు, అందుకే సిగరెట్లు, మందు, చివరికి కాఫీ పొడికి కూడా వాళ్ళకి రేషన్, బయటివాళ్ళకి ఇష్టమొచ్చినట్టు పంచిపెడితే కస్టమ్స్ గొడవ.

ఇది తెలియకముందు నేనొక పని చేశా. జర్మనీలో డ్రింక్ క్యాన్ కొంటే 25 సెంట్లు డిపాజిట్ పట్టుకుంటారు, ఖాళీ క్యాన్ సూపర్ మార్కెట్ మెషీన్‌లో వేస్తే వెనక్కిస్తారు. మన పిల్లలు శుక్రవారం ఎనర్జీ డ్రింకులు తాగి పడేసిన క్యాన్లు రెండు సంచులు పోగేసి, ఆహా పదిహేను యూరోలు అనుకుంటూ బస్సులో మోసుకెళ్ళా. మెషీన్ ఒక్కోటీ లోపలికి లాగి, గిర్రున తిప్పి చూసి, బయటికి ఉమ్మేసింది. మళ్ళీ పెట్టా, మళ్ళీ ఉమ్మేసింది. వెనక లైనులో నలుగురు. బేస్ లోపల కొన్న అమెరికా క్యాన్లకి ఆ డిపాజిట్ గుర్తే ఉండదట, నాకేం తెలుసు, అవే రెండు సంచులతో అదే బస్సులో వెనక్కి వచ్చా.

పక్కింటివాళ్ళతో పేచీ రాకుండా ఉండటమే అన్నిటికంటే కష్టం. రాత్రి పది తర్వాత చప్పుడు ఉండకూడదు, కానీ జూన్‌లో తొమ్మిదిన్నరకి కూడా వెలుతురే ఉంటుంది, పెరట్లో బార్బెక్యూ దగ్గర కూర్చున్న పిల్లలకి ఇంకా సాయంత్రమే అనిపిస్తుంది, గడియారం చూసుకునేది ఎవరు. ఆదివారం షాపులు మూత, గడ్డి కోసే మెషీన్ తీయకూడదు, ఖాళీ సీసాలు వీధి డబ్బాలో వేసినా గలగలకి ఊరుకోరు. పాపం ఒకడు సాయం చేద్దామని ఆదివారం పొద్దున్నే గడ్డి కోయడం మొదలుపెట్టాడు, ఆ వీధిలో అంతమంది జనం ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. సాయంత్రం వాడిచేతే కేక్ పట్టించి నాలుగిళ్ళకీ పంపింది మా ఇంటావిడ.

ట్రిప్పులంటే ప్రాగ్, న్యూరెంబర్గ్ అని ఎగిరి గంతేస్తారు గానీ, నాకు గుర్తుండిపోయింది ఫ్లోసెన్‌బర్గ్. నాజీల కాన్సంట్రేషన్ క్యాంప్, అక్కడికి గంట దూరం కూడా లేదు. హిట్లర్‌ని ఎదిరించిన పాస్టర్ బోన్‌హోఫర్‌ని 1945 ఏప్రిల్ 9న అక్కడే ఉరి తీశారు, సరిగ్గా రెండు వారాలకి, 23న, అమెరికన్ సైన్యం వచ్చి ఆ క్యాంప్‌ని విడిపించింది. ఆ తేదీలున్న బోర్డు ముందు మా వ్యాన్‌లో పిల్లలు చాలాసేపు నిలబడ్డారు. వచ్చేటప్పుడు దారిలో ఎవరూ పాటలు పెట్టలేదు.

వీసా సంగతికొస్తే, అమెరికా పాస్‌పోర్టుకి 180 రోజుల్లో 90 రోజుల దాకా వీసా అక్కర్లేదు, అందుకే ఈ ప్రోగ్రాములు చాలావరకు ఎనిమిది, పది వారాలే ఉంటాయి. జీతం లేని పనికి కూడా కాగితాలేమైనా కావాలా అని ఆ సంస్థనే రాతపూర్వకంగా అడగండి. మీ చుట్టాల్లో ఇండియన్ పాస్‌పోర్టువాళ్ళు ఎవరైనా నేనూ వెళ్తా అంటే టూరిస్ట్ వీసా మీద మాత్రం పంపొద్దు.

నన్నడిగితే పంపుతాను.

ప్రశ్న: మేడమ్, నేను కైజర్స్‌లౌటర్న్‌లో ఎంఎస్ చేస్తున్నా, పక్కనే రామ్‌స్టైన్ అనే అమెరికన్ ఎయిర్ బేస్ ఉంది, ఊరంతా అమెరికన్లే. నేను కూడా ఇలాంటి చోట వాలంటీర్ చేయొచ్చా? రెజ్యూమెకి పనికొస్తుందా?
- విద్యార్థి, కైజర్స్‌లౌటర్న్

జవాబు: వాళ్ళు కే-టౌన్ అంటారు మీ ఊరిని, పేరు నోరు తిరగక. మిలిటరీ, వాళ్ళ కుటుంబాలు కలిపి 50 వేల మంది దాకా అమెరికన్లు ఉంటారు ఆ చుట్టుపక్కల, మన సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన కాలేజీలో చదువుతున్నట్టే అనుకో. లాండ్‌ష్టుల్‌లో పెద్ద మిలిటరీ హాస్పిటల్ ఉంది, ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో గాయపడినవాళ్ళని విమానంలో ముందు అక్కడికే తెచ్చేవాళ్ళు, చూడటానికొచ్చే కుటుంబాలు ఉచితంగా ఉండటానికి ఫిషర్ హౌస్ అని అక్కడే ఇళ్ళు కట్టారు. కానీ బాబూ అవన్నీ గేటు లోపల, ఐడీ లేకుండా నీకు కుదరవు. గేటు బయటి ఇళ్ళలో వారానికో సాయంత్రం వంటకి సాయం చేస్తానంటే వద్దనేవాళ్ళు తక్కువ. డబ్బు తీసుకుంటే మాత్రం స్టూడెంట్ పర్మిట్ మీద ఏడాదికి 140 ఫుల్ డేస్ లిమిట్‌లోకి వస్తుంది, మర్చిపోకు. రెజ్యూమె కోసమైతే వెళ్ళకు, ఆ పిల్లలు మొదటి పది నిమిషాల్లో పసిగట్టేస్తారు.

ప్రశ్న: యుద్ధం 1945లో అయిపోతే అమెరికా సైనికులు ఇంకా జర్మనీలో ఏం చేస్తున్నట్టు? వాళ్ళకి మనం వండి పెట్టడమెందుకు?
- రిటైర్డ్ టీచర్, వరంగల్

జవాబు: మాస్టారూ, మొదట గెలిచినవాళ్ళుగా వచ్చారు, 1955లో పశ్చిమ జర్మనీ నాటోలో చేరాక మిత్రులుగా ఉండిపోయారు. సోవియట్ భయం ఉన్న రోజుల్లో రెండున్నర లక్షల మంది దాకా ఉండేవాళ్ళు, ఈమధ్య కాలంలో 35 వేల చిల్లర. ఉండాలా వద్దా అని జర్మన్లలోనే రెండు మాటలున్నాయి, మా పక్కింటి పెద్దావిడే ఒకరోజు పొమ్మనేది, ఇంకోరోజు వీళ్ళు పోతే ఊళ్ళో బేకరీ మూతపడుతుందనేది. రెండో ప్రశ్నకి నా దగ్గర పెద్ద జవాబు లేదు. ఒకసారి గుంటూరు వైపు అబ్బాయొకడు వచ్చాడు, ఎంఎస్‌కని అమెరికా వెళ్ళి, విదేశీయుల్ని ఆర్మీలోకి తీసుకునే స్కీమ్ ఒకటి ఉండేది అప్పట్లో, అందులో చేరాడట. గోంగూర దొరక్క నేను రూబార్బ్ కాడలేసి చేసిన పుల్లటి పప్పు పెట్టా. వాడు స్పూను పక్కన పెట్టి చేత్తో కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు చూసి ఒక్కొక్కరే స్పూన్లు పక్కన పెట్టారు, సగం పప్పు టేబుల్ మీదే పోయిందనుకోండి. వాళ్ళ ప్రభుత్వం ఏ యుద్ధం ఎందుకు చేస్తుందో నాకు నచ్చని రోజులు చాలా ఉన్నాయి, అలాంటి రోజున కూడా శుక్రవారం వంట ఆపాలని మాత్రం అనిపించలేదు.

డాలస్ అమ్మ ఉత్తరం వెనకపేజీలో పెన్సిల్‌తో ఇంకో ప్రశ్న ఉంది: "పచ్చళ్ళు, నెయ్యి పంపొచ్చా?"

జవాబు: నెయ్యి, కోవా, చికెన్ పచ్చడి వద్దమ్మా, బయటి దేశాల నుంచి పాలతో, మాంసంతో చేసినవి యూరప్‌లోకి రానివ్వరు. ఆవకాయ పంపండి, రెండు కవర్లలో చుట్టి బట్టల మధ్య పెట్టండి. కాకపోతే పెద్ద సీసానే పంపండి, టబాస్కో సాస్ తాగేవాళ్ళం మాకిదో లెక్కా అని ఆ పిల్లలు మొదటి రోజే సగం ఖాళీ చేస్తారు, పక్కనే మంచినీళ్ళ జగ్గు పెట్టుకోమనండి.