లోన్ కోసం ఇంటి వాల్యుయేషన్: రంగుల డబ్బాకన్నా ముందు టేపు పట్టుకోండి

మీ ప్రశ్న ఇదీ: చెరువుకు అరకిలోమీటరు దూరంలో ఉన్న 20 ఏళ్ల ఇండిపెండెంట్ ఇంటి మీద లోన్‌కి అప్లై చేశారు, వచ్చే వారం బ్యాంకు పంపే వాల్యూయర్ (ఇంటి విలువ కట్టే ఆయన) వస్తారు, ఈలోపు రంగులు వేయించి కిచెన్ టైల్స్ మార్పించాలా అని. వద్దండి, ఆ డబ్బు దాచుకోండి. మాదీ హైదరాబాద్ శివార్లలో 150 గజాల్లో కట్టిన ఇల్లే, పై పోర్షన్ అద్దెకిచ్చాం. పాప చదువు కోసం ఇంటి మీదే లోన్ తీసుకున్నాం. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు లెక్క చూడండి. స్థలానికి వేరే, కట్టడానికి వేరే విలువ కడతారు. ఉదాహరణకు 150 గజాలు, గజం 60 వేలు అనుకుందాం: 90 లక్షలు. కట్టడం 1,800 చదరపు అడుగులు, అడుగుకి 1,800 చొప్పున 32.4 లక్షలు. ఆర్‌సీసీ ఇంటికి మామూలుగా 60 ఏళ్ల ఆయుష్షు వేసుకుని ఏటా సుమారు ఒకటిన్నర శాతం తరుగు తీస్తారు. 20 ఏళ్లకు 30 శాతం పోతే మిగిలేది 22.68 లక్షలు. అంటే మొత్తంలో ఐదింట నాలుగు వంతులు నేలదే. కొత్త రంగు ఈ లెక్కలో ఎక్కడ పడుతుంది చెప్పండి? స్లాబు నుంచి నీళ్లు కారుతున్నా, గోడలు బీటలిచ్చినా మాత్రం బాగు చేయించండి. ఆ ఫోటోలు రిపోర్టులోకి వెళ్తాయి, ఇంటికి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు ఉందని రాసేటప్పుడు లెక్కలోకి వస్తాయి.

అసలు పని కాగితాల్లో ఉంది. వాల్యూయర్ వచ్చాక మొదట చూసేది హాలు కాదు, హద్దులు. దస్తావేజులో నాలుగు దిక్కులా ఏం రాసి ఉందో అది నేల మీద కనిపించాలి. మా దస్తావేజులో రెండు వైపులా ‘నైబర్స్ ల్యాండ్’ అని రాసి వదిలేశారు, ఏ నైబరో, ఏ ప్లాటో లేదు! లేఅవుట్ కాపీలో మా ప్లాట్ నంబరు, పక్క ప్లాట్ల నంబర్లు చూపిస్తే గానీ ఆయన ముందుకు కదల్లేదు. ఇంకో చిక్కు కూడా చాలామందికి ఉంటుంది. దస్తావేజులో ప్లాట్ నంబరు, సర్వే నంబరు ఉంటాయి. పన్ను రసీదులో, కరెంట్ బిల్లులో ఇంటి నంబరు ఒక్కటే ఉంటుంది. రెండూ ఒకే ఇల్లని చూపే కాగితం కావాలి. మాకు ఇల్లు కట్టడానికి ఇచ్చిన పర్మిషన్ కాపీ పనికొచ్చింది. మీ దగ్గర అలాంటిదేమీ లేకపోతే మున్సిపల్ ఆఫీసులో ఇప్పుడే అడగండి, చివరి రోజు దొరకదు.

ఒక ఆదివారం టేపు పట్టుకుని స్థలం మీరే కొలవండి. దస్తావేజులో ఒకటి, నేల మీద ఒకటి ఉంటే సాధారణంగా తక్కువదే తీసుకుంటారు. మాకు రోడ్డు వైపు కొంచెం పోయింది, ఆ మేరకు గజాలు తగ్గించారు. ముందే తెలిస్తే ఎంత లోన్ వస్తుందో మీకూ ఒక అంచనా ఉంటుంది. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్‌నో, అదనపు అంతస్తునో చాలా బ్యాంకులు విలువలో కలపవు. దాని మీద ఆశ పెట్టుకోవద్దు, దాచే ప్రయత్నమూ చేయొద్దు. ఆయన మేడ ఎక్కి ఫోటో తీస్తారు.

ఆ రోజుకి దస్తావేజు, లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ప్లాన్, ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్‌లోని ప్లాటును క్రమబద్ధీకరించిన కాగితం) ఉంటే అది, పన్ను రసీదు, కరెంట్ బిల్లు అన్నీ జిరాక్స్ సెట్‌గా పెట్టుకోండి. ఒరిజినల్స్ చూపించండి గానీ ఇవ్వకండి. 1983 నుంచి జరిగిన లావాదేవీలకు ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల జాబితా) ఆన్‌లైన్‌లోనే చూసుకోవచ్చు. మీ సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) లేదని కూడా అప్పుడే చూసుకోండి. అద్దెకున్నవాళ్లకు ముందురోజే చెప్పండి, తాళం వేసిన గదిని ఎవరూ కొలవలేరు. ఫీజు సంగతి బ్యాంకుతోనే తేల్చుకోండి, వచ్చినాయన చేతికి ఏమీ ఇవ్వాల్సిన పని లేదు.

గజం రేటు దగ్గరే అసలు టెన్షన్. చుట్టుపక్కల దస్తావేజుల్లో చాలావరకు ప్రభుత్వ విలువకే రాయించుకుంటారు కాబట్టి కాగితం మీద రేటు తక్కువ కనిపిస్తుంది. ఈమధ్య మీ వీధిలో ఎవరైనా బ్యాంకు లోన్‌తో కొని ఉంటే వాళ్ల దస్తావేజులో అసలు ధరకు దగ్గరి అంకె ఉండే అవకాశం ఎక్కువ. అడిగితే కాపీ ఇచ్చే పరిచయం ఉంటే తెచ్చి పెట్టుకోండి. నేను అలాంటిది ఒకటి ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి ఫోటో తీసుకున్నారు, తర్వాత లోకల్ రియల్ ఎస్టేట్ వాళ్లకు ఫోన్ చేసి రేటు కనుక్కున్నారు. ‘మా ఏరియాలో లక్ష పలుకుతోంది సార్’ అని ఊరికే చెబితే మాత్రం నవ్వి ఊరుకుంటారు.

చెరువు అరకిలోమీటరు దూరంలో ఉందన్నారు కదా. 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక, ఇల్లు చెరువు పరిధిలో ఉందా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. 10 హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్ల బఫర్, అంటే కట్టడాలు కట్టకూడని జాగా. ఎండాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయన్నది కాదు, ఆ గీత ఎక్కడుందన్నదే లెక్క. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో మీ చెరువు మ్యాప్ ఉంటే ప్రింట్ తీసి, మీ ఇల్లు ఎక్కడుందో పెన్నుతో గుర్తు పెట్టి ఆ జిరాక్స్ సెట్‌లోనే కలపండి.