రోజూ ఆఫీసుకి ఎన్‌ఎస్‌ఎక్స్‌లో వెళ్లొచ్చా?

సందేహం: అన్నా, హెచ్‌1బీ మీద వచ్చి ఏడాదిన్నర అయింది. ఉండేది వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో, ఆఫీసు మేరీల్యాండ్‌లోని బెథెస్డాలో. ఒక 1994 అక్యూరా ఎన్‌ఎస్‌ఎక్స్ (హోండా వాళ్ల రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) అమ్మకానికి ఉంది, ముప్పై ఏళ్లలో 41,000 మైళ్లే తిరిగిందట. లోన్ పెట్టి కొనేసి, ఉన్న కరోలా అమ్మేసి, రోజూ అదే నడుపుదామని ఉంది. రూమ్మేట్లు నీకేమైనా పిచ్చా అంటున్నారు. నువ్వు ఏళ్ల తరబడి నడిపావని విన్నాను. ఫొటోలు పంపుతున్నా, ఏమంటావు?

పిచ్చే తమ్ముడూ, అందులో అనుమానం లేదు. కాకపోతే ఆ పిచ్చి నాకు 2010 నుంచి ఉంది. అప్పుడు 68,000 మైళ్ల మీద కొన్న నా 1996 ఎన్‌ఎస్‌ఎక్స్‌-టీ (పైకప్పు ఊడదీసుకునే రకం) ఇప్పుడు 2,18,000 దాటింది. అందులో ముప్పాతిక వంతు నువ్వు చెబుతున్న రూటులోనే తిరిగింది, గ్రీన్‌వే ఎక్కి, టోల్ రోడ్డు మీదుగా వాషింగ్టన్ చుట్టూ తిరిగే బెల్ట్‌వే చేరి, అమెరికన్ లీజియన్ బ్రిడ్జి దగ్గర అందరితో పాటు నత్తనడక నడిచి. కాబట్టి రోజూ నడుస్తుందా అంటే నడుస్తుంది. కారు గురించి నాకు బెంగ లేదు. నీ వీసా, నీ ఇన్సూరెన్సు, నీ బ్యాంకు బ్యాలెన్సు ఆ కారుని మోయగలవా అన్నదే నా బెంగ.

ముందు కారు సంగతి. హోండా వాళ్లు 1990లో దీన్ని దింపినప్పుడు పోటీ ఫెరారీతో పెట్టుకున్నారు గానీ, తయారీ మాత్రం రోజూ వాడుకునేవాళ్లని దృష్టిలో పెట్టుకుని చేశారు. ఒళ్లంతా అల్యూమినియం, మూడు లీటర్ల వీ6, ఎనిమిది వేల ఆర్‌పీఎం దాకా వెళ్లే ఇంజిను, లోపల టైటానియం కనెక్టింగ్ రాడ్లు. జపాన్‌లోని సుజుకా ట్రాక్ మీద ఫార్ములా వన్ ఛాంపియన్ ఏర్టన్ సెన్నా నడిపి సలహాలిచ్చాడని అందరూ చెబుతారు, నిజమే, కానీ నాకు అంతకంటే ముఖ్యం ఏంటంటే ఈ కారులో కూర్చుంటే ముందు రోడ్డు మొత్తం కనిపిస్తుంది, వెనకా కనిపిస్తుంది, ఏసీ చల్లగా వస్తుంది, జులైలో ట్రాఫిక్‌లో గంట నిలబడినా టెంపరేచర్ ముల్లు కదలదు. ఆ తరం స్పోర్ట్స్ కార్లలో ఇవన్నీ ఒకేచోట దొరకడం అరుదు. నా ఇంజిను ఈ రోజుకీ విప్పలేదు.

మరి ఏం పోతాయి? వయసు మీద పడి పోయేవి పోతాయి. ఏసీ కంట్రోల్ యూనిట్లో కెపాసిటర్లు కారిపోయి ఫ్యాను తనకిష్టమైనప్పుడు తిరుగుతుంది. స్పీకర్ల లోపలి ఆంప్లిఫయర్లదీ అదే జబ్బు. కూలెంట్ పైపులు గట్టిపడతాయి, కిటికీ అద్దాలు ఎక్కడానికి బద్ధకిస్తాయి. అన్నిటికంటే నన్ను ఏడిపించింది మెయిన్ రిలే, అంటే ఫ్యూయల్ పంపుకి కరెంటు పంపే చిన్న డబ్బా. ఒక జులై మధ్యాహ్నం లీస్‌బర్గ్‌లో పెట్రోలు కొట్టించి తాళం తిప్పితే స్టార్టరు గిరగిరా తిరుగుతోంది, ఇంజిను మాత్రం అందుకోదు. ఫ్లాట్‌బెడ్ పిలిచి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, అక్కడ దింపగానే ఒక్క తిప్పుకి స్టార్ట్ అయింది. ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. వారం తర్వాత మళ్లీ అదే, ఇంకో పది రోజులకి మళ్లీ అదే, ఎండలో ఆపిన రోజే. చివరికి రిలే ఊడదీసి మూత తెరిచి భూతద్దంలో చూస్తే, టంకం పెట్టిన చుక్క చుట్టూ వెంట్రుకంత పగులు గుండ్రంగా కనిపించింది. వేడెక్కితే విడిపోతుంది, చల్లారితే అంటుకుంటుంది. టంకం మళ్లీ వేయడానికి పావుగంట పట్టింది. టోయింగ్‌కి అయిన ఖర్చు చెప్పను, మా ఆవిడ కూడా ఇది చదువుతుంది.

ఇలాంటి కారు నడపాలంటే టంకం కాడ పట్టుకోవడమన్నా రావాలి, లేదా ఈ కారు తెలిసిన మెకానిక్ గంట దూరంలోనన్నా ఉండాలి. రెండూ లేకుండా కొంటే ప్రతి చిన్న జబ్బుకీ పెద్దాసుపత్రి బిల్లే.

తప్పకుండా పెట్టాల్సిన ఖర్చులు వేరే ఉన్నాయి. టైమింగ్ బెల్టు 90,000 మైళ్లకి లేదా ఆరేళ్లకి, ఏది ముందైతే అది. వాటర్ పంపు కూడా అప్పుడే మార్చేస్తారు. ఇది బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లని గుద్దుకునే రకం ఇంజిను, కాబట్టి ఇంకో ఏడాది చూద్దాంలే అనుకోకూడదు. నాకు పోయినసారి మూడు వేల డాలర్ల పైనే అయింది. ముందు టైర్లు ఒక సైజు, వెనకవి ఇంకో సైజు, అందుకని ముందువి వెనక్కి మార్చుకుని అరగదీయడం కుదరదు. వెనక టైర్లు నాకు తొమ్మిది పదివేల మైళ్లకి మించి రాలేదు, లోపలి అంచు ముందు అరుగుతుంది, బయటి నుంచి చూస్తే బాగున్నట్టే ఉంటుంది. వంగి, చెయ్యి పెట్టి తడిమి చూడాలి. క్లచ్ ఈ పాత మూడు లీటర్ల బండిలో జంట ప్లేట్లది, ఖరీదు ఎక్కువ, బెల్ట్‌వే ట్రాఫిక్‌లో నేను రెండు మార్పించాను. పెట్రోలు ఎప్పుడూ ప్రీమియమే.

నా దగ్గర ఒక పాత చిట్టా పుస్తకం ఉంది, కొన్న రోజు నుంచి అందులో రాస్తున్నా. పెట్రోలు, ఇన్సూరెన్సు, టాక్సు తీసేస్తే ఈ లక్షా యాభై వేల మైళ్లకి 31,000 డాలర్లు అయింది. మైలుకి ఇరవై సెంట్ల పైచిలుకు. వినడానికి పెద్దగా అనిపించదు. కానీ అది నెలకింత అని రాలేదు తమ్ముడూ. రెండేళ్లు ఏమీ లేకుండా గడిచి, ఒక మార్చి నెలలో బెల్టు, క్లచ్, టైర్లు కలిసి ఏడు వేలు పట్టుకుపోయింది. అందుకే లోన్ వాయిదా కట్టగలనా అని కాదు చూసుకోవాల్సింది, వాయిదా కడుతూ పక్కన ఎనిమిది పదివేలు ముట్టుకోకుండా ఉంచగలనా అని చూసుకో. నేను కొన్న ధర 36,000. ఇప్పుడు తక్కువ తిరిగిన మంచి బండి లక్ష డాలర్ల చుట్టుపక్కల పలుకుతోంది. అంటే నీ ఆట నాకంటే మూడింతలు పెద్దది.

పైగా తక్కువ మైళ్ల బండికి ఎక్కువ ధర కట్టి రోజూ నడిపితే ఆ ఎక్కువ ధరని నువ్వే రోడ్డు మీద అరగదీస్తున్నట్టు లెక్క. నీ రూటులో ఏడాదికి పదమూడు వేల మైళ్లు పడతాయి, మూడేళ్లలో అది 80,000 మైళ్ల బండి. నడపాలనుకునేవాడు లక్ష మైళ్లు దాటి, రసీదుల ఫైలు దిండంత ఉన్న బండిని వెతుక్కోవాలి. ముప్పై ఏళ్లు గ్యారేజీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నదాంట్లో సీళ్లు ఎండిపోయి ఉంటాయి, రోజూ తిప్పడం మొదలుపెట్టిన మొదటి ఏడాదిలో ఒక్కొక్కటే కారడం మొదలవుతుంది. తిరిగే బండే ఆరోగ్యంగా ఉంటుంది, ఇది మన పల్లెల్లో ట్రాక్టరు ఉన్న ఎవరినడిగినా చెబుతారు.

వేరే కార్ల గురించి అడిగేవాళ్లకి కూడా రెండు మాటలు. 1999 నుంచి 2008 దాకా వచ్చిన మామూలు పోర్షా 911ల ఇంజిన్లలో ఐఎంఎస్ బేరింగ్ (లోపలి ఇంటర్మీడియట్ షాఫ్టుని మోసేది, అది పోతే ఇంజినే పోవచ్చు) సంగతి తేల్చుకోకుండా కొనొద్దు, 2009 నుంచి వచ్చిన కొత్త ఇంజిన్లో ఆ బేరింగే లేదు. ఫెరారీ 355కి బెల్టు మార్చాలంటే ఇంజినే కిందకి దింపాలి. ఎఫ్430 నుంచి బెల్టు పోయి చెయిన్ వచ్చింది. ఆడి ఆర్8 రోజూ వాడకానికి చాలా సుఖం, అయితే మొదటి తరం వాటిలో మాగ్నెటిక్ షాక్ అబ్జార్బర్లు కారతాయి, జతకి అయ్యే బిల్లు చూసి కూర్చోవాల్సొస్తుంది.

ఇన్సూరెన్సు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పాత స్పోర్ట్స్ కార్లకి చవకగా, ముందే ఒప్పుకున్న విలువకి పాలసీ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, కానీ అవి దాదాపుగా అన్నీ రోజూ ఆఫీసుకి వెళ్లకూడదంటాయి, ఇంట్లో మామూలు కారు ఇంకోటి ఉందా అని అడుగుతాయి. అబద్ధం చెప్పి తీసుకుంటే క్లెయిము రోజున దొరికిపోతావు. మామూలు పాలసీ తీసుకుంటే యాక్సిడెంటు రోజున నీ కారు విలువెంతో వాళ్లు లెక్కగడతారు, అది నీ లోన్ కంటే తక్కువుండొచ్చు. నీకు ఇక్కడి డ్రైవింగ్ చరిత్ర ఏడాదిన్నరే కాబట్టి ప్రీమియం కూడా వాతే. అందుకని బేరానికి ముందే వీఐఎన్ (కారు గుర్తింపు) నంబరు ఇచ్చి, రోజూ ఆఫీసుకే అని చెప్పి, కోట్ కాగితం మీద తీసుకో. 2014లో సిగ్నల్ దగ్గర ఎవరో వెనక నుంచి చిన్నగా తగిలించారు. మామూలు కారైతే వారం. అల్యూమినియం పని తెలిసిన షాపు వెతకడానికే మూడు వారాలు పట్టింది. ఇన్సూరెన్సు వాళ్లు పంపిన మొదటి షాపతను స్టీలు కార్లకి వాడే గ్రైండరు పట్టుకుని వస్తుంటే నేనే అడ్డుపడ్డాను. అదే గ్రైండరుతో అల్యూమినియం రాస్తే స్టీలు పొడి అందులో దిగి తర్వాత తుప్పు పెడుతుంది.

ఇక వర్జీనియా పోలీసులు. ఇది కాస్త నిదానంగా చదువు. ఇక్కడ గంటకి 85 మైళ్లు దాటినా, లిమిట్ కంటే 20 ఎక్కువ వెళ్లినా అది మామూలు టికెట్ కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్ కింద క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ కేసు. చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా. 55 లిమిట్ ఉన్నచోట 75 అంటే ఈ కారులో మూడో గేరు, ఇంకా చాలా మిగిలే ఉంటుంది, నీకు వేగం తెలియదు. గ్రీన్‌కార్డు ఫారంలో అరెస్టులు, కేసులు ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు, అప్పుడు ఈ కాగితాలన్నీ బయటికి తీయాలి. రాడార్ డిటెక్టర్ (పోలీసుల స్పీడు గన్‌ని పసిగట్టే పరికరం) పెట్టుకుంటాలే అంటావేమో, వర్జీనియాలో అదీ చట్టవిరుద్ధమే. ముందు నంబర్ ప్లేటు లేకపోయినా ఆపుతారు. ఎర్ర కారుని ఇంకొంచెం ఇష్టంగా ఆపుతారని నా అనుమానం, రుజువు లేదు. నాది నలుపు.

కౌంటీ వాళ్లు ఏటా కారు విలువ మీద టాక్సు వేస్తారు, మొదటి 20,000 డాలర్ల విలువ మీదే రిలీఫ్. లక్ష డాలర్ల బండికి ఆ బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.

ఇంకోటి చెప్పాలి, మనసు కష్టపెట్టుకోకు. హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే నీకున్నది ఎక్కువలో ఎక్కువ అరవై రోజులు. కరోలా అయితే శనివారం పెడితే ఆదివారం అమ్ముడుపోతుంది. ఇలాంటి కారుకి సరైన కొనేవాడు దొరకడానికి మూడు నాలుగు నెలలు పట్టొచ్చు, తొందరలో ఉన్నావని తెలిస్తే ధర నేలకి దించుతారు. నేను కొన్నప్పటికి గ్రీన్‌కార్డు చేతిలో ఉంది, కారుకి లోన్ లేదు, ఇంట్లో మా ఆవిడ పేరున ఒక కామ్రీ ఉంది. ఆ కామ్రీ లేకపోతే నా ఎన్‌ఎస్‌ఎక్స్ కథ మొదటి మంచుకే ముగిసేది. వేసవి టైర్లు నలభై ఫారెన్‌హీట్ కిందికి దిగితే చెక్కలా బిగుసుకుపోతాయి, పట్టు ఉండదు. కాబట్టి నువ్వు ఏం చేసినా చెయ్యి, ఆ కరోలా మాత్రం అమ్మకు.

రోజువారీ కష్టాలు కూడా తెలుసుకో. డిక్కీ ఇంజిను వెనకే ఉంటుంది, వెచ్చగా ఉంటుంది. ఇండియన్ స్టోరు నుంచి దోసెల పిండి తెస్తే ఇంటికొచ్చేసరికి డబ్బా మూత ఉబ్బి ఉండేది. నాన్నగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు వాషింగ్టన్ డలస్ ఎయిర్‌పోర్టుకి సరదాపడి ఇదే తీసుకెళ్లాను, సూట్‌కేసులు మా ఆవిడ కామ్రీలో. దిగేటప్పుడు ఆయనకి మోకాళ్లు సహకరించలేదు, నేనూ పక్కింటాయనా చెరో చెయ్యి పట్టుకుని లేపాం. "ఇంత డబ్బు పోసి నేల మీద పీట కొన్నావేంట్రా" అన్నారు. రెండే సీట్లు, పిల్లల సీటు పెట్టే చోటు లేదు. మా పాప పుట్టాక వారానికి మూడు రోజులే నడిపాను.

సరే, ఇంత చెప్పాక కూడా నీకు ఆశ చావలేదని తెలుసు, నాకూ చావలేదు. నువ్వు పంపిన ఫొటోల్లో వెనక టైరుది జూమ్ చేసి చూశాను. పక్కన డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అక్కడ 2311 అని ఉంది, అంటే 2011 జూన్‌లో తయారైన టైర్లు. టైర్లు మార్చడానికే మనసు రాని మనిషి బెల్టు మార్చి ఉంటాడా? రసీదు అడుగు, మైళ్లు కాదు, తేదీ చూడు. బాగానే నడుస్తోంది సార్, అవసరం రాలేదు అన్నాడంటే ఆ బండి దగ్గరికి వెళ్లడానికి కూడా పెట్రోలు దండగ.