పిజ్జా స్టోన్‌కి సబ్బు వాసన పట్టింది, నల్ల మరకలు పోవడం లేదు. ఏం చేయాలి?

మరకలు పోవాలని డిష్‌వాష్ లిక్విడ్‌తో తోమితే ఇప్పుడు పిజ్జాకే సబ్బు వాసన వస్తోందని రాశారు. ముందు ఆ మరకల సంగతి మర్చిపోండి. ఓవెన్‌లో పెట్టి పిజ్జా కాల్చే మా రాయి 4 ఏళ్లుగా వాడుతున్నాం, చూస్తే కాటుక పులిమినట్టుంటుంది. రొట్టె అడుగు మాత్రం కరకరలాడుతూనే వస్తోంది.

అసలు చిక్కు సబ్బుతోనే. ఈ రాళ్లను ఎక్కువగా కార్డిరైట్‌తో, అంటే వేడిని తట్టుకునే ఒక రకం సిరామిక్‌తో చేస్తారు, ఒళ్లంతా సన్న రంధ్రాలే. పిండిలోని తేమను పీల్చేది అవే, సబ్బు నీళ్లు తాగేదీ అవే. వేడెక్కగానే కక్కుతాయి.

నా మొదటి రాయిని సబ్బు లేకుండానే పోగొట్టుకున్నాను. అప్పుడు బెంగళూరు మారతహళ్ళిలో ఉండేవాళ్లం. జులై, వారం రోజులుగా ముసురు. రాయిని కుళాయి కింద కడిగి బాల్కనీ గోడకి ఆనించాను. మర్నాడు తాకితే పొడిగానే తగిలింది. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) పెట్టి 230 డిగ్రీలకి తిప్పాను. పావుగంటకల్లా లోపల ఠప్‌మని చప్పుడు! తలుపు తీస్తే రెండు ముక్కలు. లోపల మిగిలిన తడి ఆవిరై రాయినే చీల్చింది. బెంగళూరు వానాకాలంలో ఒక్క రోజు ఆరబెడితే చాలదండీ.

రెండో రాయి కొన్నాక నెల్లూరు నుంచి అమ్మ వచ్చింది. "రాచ్చిప్పకి నూనె పట్టించమా, దీనికీ పట్టిద్దాం రా" అంటూ నువ్వుల నూనె సీసా తీసింది. సమయానికి చూశాను కాబట్టి సరిపోయింది. రాచ్చిప్పది బలపపు రాయి, దానికి నూనె పైపైనే పడుతుంది. ఇది మాత్రం లోపలికంటా తాగేస్తుంది, ఆనక ఓవెన్ పెట్టినప్పుడల్లా ఇంటినిండా పొగ.

ఇప్పుడు నేను చేసేది ఇంతే: రాయిని ఓవెన్‌లోనే పూర్తిగా చల్లారనిచ్చి, అట్లకాడతో గీకి, పొడిబట్టతో తుడుస్తాను. వేడి రాయి మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. కారిన చీజ్ మొండికేస్తే వదిలేస్తాను, తర్వాతిసారి వేడికి మాడి బొగ్గయ్యాక అదే ఊడొస్తుంది. మరీ చిరాకనిపిస్తే వంట సోడాలో నాలుగు చుక్కల నీళ్లు కలిపి, ఆ ముద్దతో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్ది, తడిబట్టతో తుడవండి.

మీ రాయినైతే వట్టి గోరువెచ్చటి నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, 4 రోజులు ఫ్యాన్ కింద నిలబెట్టండి. చల్లటి ఓవెన్‌లో పెట్టి 100 డిగ్రీల దగ్గర అరగంట, 150 దగ్గర అరగంట, ఆ తర్వాతే పైకి. కిటికీ తీసి ఉంచండి. పిజ్జా జోలికి పోకుండా ముందు నిమ్మకాయంత పిండి ముద్ద కాల్చి వాసన చూడండి. రాకపోతే అప్పుడు చీజ్ కొనుక్కోండి.