గిట్‌హబ్‌లో అక్కర్లేని ఫైళ్లు.. ఉద్యోగానికి అడ్డమా?

ప్రశ్న: మాది కాకినాడ. బీటెక్ సీఎస్ఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇటీవల క్యాంపస్ ఇంటర్వ్యూలో నా రెజ్యూమెలోని, ప్రాజెక్టు కోడ్ పెట్టిన గిట్‌హబ్ సైట్ లింకు తెరిచి, ‘నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ ఇక్కడ ఎందుకుంది?’ అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చూసుకుంటే డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న డాట్ ఎన్వ్ ఫైలు కూడా అందులో కనిపించింది. వెంటనే దాన్ని తొలగించి మళ్లీ పుష్ చేశాను, అంటే గిట్‌హబ్‌కు పంపాను. గిట్‌హబ్‌లో ప్రాజెక్టు ఉన్న రిపాజిటరీ మొత్తం తీసేసి కొత్తగా పెట్టాలా? గిట్ కోసం అమీర్‌పేటలో ఏదైనా కోర్సులో చేరమంటారా?
– ఒక విద్యార్థిని

జవాబు: ఇది చదవడం ఇక్కడే ఆపి, ముందు ఆ డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చి రండి. డాట్ ఎన్వ్‌లో దానితోపాటు మెయిల్ పాస్‌వర్డ్, మ్యాప్స్ కీ లాంటివి ఏమున్నా వాటినీ రద్దు చేసి కొత్తవి తీసుకోండి. మిగతా పనులకు తొందర లేదు.

‘ఫైలు తొలగించాను కదా’ అని మీకు అనిపించవచ్చు. గిట్ అంటే కోడ్‌లోని మార్పులను నమోదు చేసే సాధనం. అది పుట్టిందే పాతదాన్ని పోనివ్వకుండా దాచడానికి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ పని కోసం దాన్ని రాసినప్పటి నుంచి దాని స్వభావం అదే. మీరు చేసిన తొలగింపు దాని లెక్కలో మరో కొత్త కమిట్, అంటే నమోదైన మరో మార్పు, అంతే. అంతకుముందు కమిట్ తెరిస్తే మీ పాస్‌వర్డ్ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. పబ్లిక్ రిపాజిటరీల్లో ఇలాంటి కీల కోసమే రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. వాటికి మీరు కాకినాడ విద్యార్థినా, పెద్ద కంపెనీయా అన్న తేడా లేదు. ఆ పెద్ద కంపెనీలకూ ఈ పొరపాటు తప్పలేదు. టొయోటా 2022లో స్వయంగా చెప్పుకొన్న విషయం వినండి. కార్లను నెట్‌కు కలిపే ఆ సంస్థ టీ-కనెక్ట్ సేవకు పనిచేసిన ఒక కాంట్రాక్టరు సోర్స్ కోడ్‌లో కొంత భాగాన్ని పబ్లిక్ గిట్‌హబ్ రిపాజిటరీలో పెట్టారు. అందులో సర్వర్ తాళం ఉంది. 2017 డిసెంబరు నుంచి 2022 సెప్టెంబరు వరకు ఎవరూ గమనించలేదు. దాదాపు 2.96 లక్షల మంది వినియోగదారుల ఈమెయిల్ చిరునామాలు బయటపడే ప్రమాదం ఏర్పడింది. ఇప్పుడు గిట్‌హబ్ కొన్ని రకాల కీలను గుర్తుపట్టి పుష్‌ను మధ్యలోనే ఆపుతోంది. అయితే మీరు సొంతంగా పెట్టుకున్న ఒక మామూలు పాస్‌వర్డ్‌ను అది రహస్యమని పోల్చుకుంటుందన్న భరోసా లేదు.

ఇక ఇంటర్వ్యూలో వచ్చిన ప్రశ్న సంగతి. మిమ్మల్ని ఇరుకున పెట్టాలని అడిగిన ప్రశ్న కాదది. ఆ ప్రాజెక్టులో మీరు రాసినదేదో, బయటి నుంచి తెచ్చుకున్నదేదో మీకు తెలుసా అన్నది ఆయన చూడదలచుకున్నారు. నోడ్ మాడ్యూల్స్‌లో ఉన్నదంతా ఇతరులు రాసిన కోడ్. అందులో ఏమేం కావాలో ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైలు చెబుతుంది. అది సరుకుల చీటీ లాంటిది. చీటీ ఇస్తే ఎవరైనా కొట్టుకు వెళ్లి తెచ్చుకుంటారు, మీరు కిరాణా కొట్టును ఇంటికి మోసుకురానక్కర్లేదు. ప్యాకేజ్ లాక్ ఫైలు మాత్రం రిపాజిటరీలో ఉండాల్సిందే. కందిపప్పు అని ఊరుకోకుండా ఏ రకం, ఎంత అన్నది కూడా రాసిన చీటీ అది. చాలామంది విద్యార్థులు దాన్ని చూసి చెత్త అనుకుని తీసేస్తారు.

రిపాజిటరీలో ఉండకూడనివి ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పైథాన్ అయితే వెన్వ్ ఫోల్డర్, పైక్యాష్ ఫోల్డర్లు. జావా అయితే టార్గెట్ ఫోల్డర్, క్లాస్ ఫైళ్లు. మ్యాక్ వాడేవాళ్లకు డాట్ డీఎస్ స్టోర్. వీటి జాబితా బట్టీ పట్టవద్దు. ఏ ఫైలునైనా రెండు ప్రశ్నలు అడగండి. దీన్ని ఒక ఆదేశంతో మళ్లీ అచ్చంగా ఇలాగే పుట్టించవచ్చా? దీన్ని ముక్కూమొహం తెలియనివాళ్లు చూస్తే నష్టమా? ఒక్కదానికి అవునని వచ్చినా అది రిపాజిటరీలోకి వెళ్లకూడదు. అలాంటివాటి పేర్లు రాసి పెట్టుకునే ఫైలే డాట్ గిట్‌ఇగ్నోర్.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. డాట్ గిట్‌ఇగ్నోర్‌లో పేరు రాసినంత మాత్రాన అప్పటికే కమిట్ అయిన ఫైలు బయటికి పోదు. గిట్ ఇంకా పట్టించుకోవడం మొదలుపెట్టని ఫైళ్లకే ఆ జాబితా వర్తిస్తుంది. కాబట్టి ముందు పేరు రాయండి. ఆ తర్వాత ‘గిట్ ఆర్ఎం’ ఆదేశానికి ‘--క్యాష్డ్’ అన్న ఆప్షన్ చేర్చి నడిపి, కమిట్ చేయండి. ఫోల్డరైతే ‘-ఆర్’ కూడా కావాలి. అప్పుడు ఫైలు మీ లాప్‌టాప్‌లోనే ఉంటుంది, గిట్ మాత్రం దాన్ని వదిలేస్తుంది. బృందంగా చేసిన ప్రాజెక్టయితే ఒక జాగ్రత్త: మీ మిత్రులు ఆ మార్పును పుల్ చేసుకోగానే వాళ్ల దగ్గరి ఫైలు మాయమవుతుంది. డాట్ ఎన్వ్ విషయంలో ముందే ఒక మాట చెప్పకపోతే ఆ సాయంత్రం మీకు ఫోన్లే ఫోన్లు.

డాట్ గిట్‌ఇగ్నోర్‌ను విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాస్తే మరో తంటా. అది అడగకుండానే పేరు చివర డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది. పైకి అంతా సరిగ్గానే కనిపిస్తుంది కానీ గిట్ ఆ ఫైలు వంక కూడా చూడదు. ఇంకా ఏ ఫైలు ఏ వరుస వల్ల ఆగిపోతోందో అంతుపట్టకపోతే ‘గిట్ చెక్-ఇగ్నోర్ -వి’ అడిగి చూడండి. ఏ ఫైలులో ఎన్నో వరుసో చూపించి మరీ చెబుతుంది. ఇంత చక్కటి ఆదేశం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అక్కర్లేనివి లోపలికి రావడం ఒక తప్పయితే, కావలసినవి బయట ఉండిపోవడం అంతకంటే పెద్దది. గిట్‌హబ్‌లో ప్రోగ్రామింగ్ భాషల వారీగా తయారుగా ఉన్న డాట్ గిట్‌ఇగ్నోర్ నమూనాలను మీరు వాడుకోవచ్చు, కానీ చదివి వాడుకోండి. పైథాన్ నమూనాలో ‘లిబ్/’ అనే వరుస ఒకటి ఉంది. ముందు గీత (/) లేకుండా అలా రాస్తే ప్రాజెక్టులో ఎక్కడ ఆ పేరున్న ఫోల్డర్ ఉన్నా అది ఆగిపోతుంది. సర్వర్ వైపు పైథాన్, తెర వైపు రియాక్ట్ పెట్టుకుని ప్రాజెక్టు చేసిన ఒక విద్యార్థి, ‘ఎస్ఆర్‌సీ’లోని తన సొంత ‘లిబ్’ ఫోల్డర్ గిట్‌హబ్‌కు చేరలేదని వైవా రోజున తెలుసుకున్నాడు. ‘/లిబ్/’ అని ముందు ఒక గీత పెడితే పైస్థాయి ఫోల్డర్ మాత్రమే ఆగేది. కొందరు నక్షత్రం గుర్తు పెట్టి జేసన్ ఫైళ్లన్నిటినీ ఆపేస్తారు. దాంతో సరుకుల చీటీ కూడా పోతుంది.

నా సంగతీ చెబుతాను. సలహాలివ్వడం మొదలుపెట్టక ముందు నేనూ కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. అక్కడ గిట్ లాంటిదే అయిన సబ్‌వర్షన్ అనే సాధనం వాడేవాళ్లం. అందులో ఇలా విడి ఫైలు ఉండదు, ఫోల్డర్‌కు ‘ఎస్‌వీఎన్:ఇగ్నోర్’ అనే లక్షణం తగిలించాలి. ఆ సంగతి తెలియక, కోడ్ నుంచి తయారైన ఫైళ్లుండే బిల్డ్ ఫోల్డర్ మొత్తం కమిట్ చేసి ఇంటికి వెళ్లిపోయాను. మర్నాడు ఉదయం ఆరుగురి కంప్యూటర్లలో కాన్‌ఫ్లిక్టులు, అంటే ఒకరి మార్పులకూ మరొకరి మార్పులకూ పొంతన కుదరని చిక్కులు. మా లీడ్ తిట్టలేదు. నన్నే పక్కన కూర్చోబెట్టుకుని ఆరింటినీ సరిచేయించారు. తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ని.

రిపాజిటరీ తీసేయాలా అన్నారు. వద్దు. మీరు నెలల తరబడి పనిచేశారనడానికి ఆ కమిట్లే సాక్ష్యం. అన్నీ తీసేసి ఒకే కమిట్‌తో ప్రాజెక్టు పెడితే, ఎక్కడి నుంచో దించుకున్నదేమోనన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం నోడ్ మాడ్యూల్స్ కంటే ఎక్కువ చేటు చేస్తుంది. పాత కమిట్లలోని డాట్ ఎన్వ్‌ను కూడా పూర్తిగా తుడిచేయాలనుకుంటే ‘గిట్ ఫిల్టర్-రెపో’ అనే సాధనం ఉంది. అది చరిత్రను తిరగరాస్తుంది కాబట్టి ముందు ఒక కాపీ పక్కన పెట్టుకోండి. మిగతా సభ్యులు ఉంటే అందరూ మళ్లీ క్లోన్ చేసుకోవాలి, అంటే రిపాజిటరీని కొత్తగా దించుకోవాలి. ఎవరైనా అప్పటికే ఫోర్క్ చేసి, అంటే తమ ఖాతాలోకి నకలు తీసుకుని ఉంటే అక్కడ మాత్రం పాతది అలాగే ఉంటుంది. అందుకే పాస్‌వర్డ్ మార్చే పని అన్నిటికంటే ముందు పెట్టాను. అది మారిపోయాక, ఒంటరిగా చేసిన చిన్న ప్రాజెక్టులో చరిత్రను తిరగరాయకపోయినా కొంప మునగదు.

మరో ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న వస్తే కప్పిపుచ్చకండి. ‘తెలియక పెట్టాను, తెలిశాక పాస్‌వర్డ్ మార్చాను, ఈ కమిట్‌లో సరిచేశాను’ అని ఆ కమిట్ తెరిచి చూపించండి. నేను ఇంటర్వ్యూ చేసేవైపు కూర్చున్న రోజుల్లో ఇలాంటి జవాబు విన్న ప్రతిసారీ ఆ అభ్యర్థికి ఒక మార్కు ఎక్కువే వేశాను.

కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల వైపు వెళ్లే ఆలోచన ఉంటే ఒక మర్యాద తెలుసుకోండి. మీ ఎడిటర్ పుట్టించే డాట్ ఐడియా లాంటి ఫోల్డర్ల పేర్లను ఇతరుల ప్రాజెక్టులోని డాట్ గిట్‌ఇగ్నోర్‌లో చేర్చి పంపకండి. మీ కంప్యూటర్ అంతటికీ వర్తించే జాబితా విడిగా పెట్టుకోవచ్చు. ఆ ఒక్క రిపాజిటరీకి చాలనుకుంటే డాట్ గిట్ ఫోల్డర్ లోపల ‘ఇన్ఫో’లో ‘ఎక్స్‌క్లూడ్’ అనే ఫైలు ఉంటుంది, అందులో రాసుకోండి. అది ఎవరికీ వెళ్లదు.

కోర్సు మాటకొస్తే, కేవలం గిట్ కోసం డబ్బు కట్టి హైదరాబాద్ రావద్దు. గిట్ అధికారిక సైట్‌లోనే పూర్తి పుస్తకం ఉచితంగా ఉంది. రెండు ఆదివారాలు కేటాయించండి. మొదటి ఆదివారం పైన చెప్పినవన్నీ మీ ప్రాజెక్టులో సరిచేయండి. డాట్ ఎన్వ్‌కు బదులు, విలువలు లేకుండా పేర్లు మాత్రమే ఉన్న ‘డాట్ ఎన్వ్ డాట్ ఎగ్జాంపుల్’ ఫైలు పెట్టండి. రెండో ఆదివారం మీ స్నేహితురాలి లాప్‌టాప్‌లో ఆ రిపాజిటరీని క్లోన్ చేయించి, పక్కన కూర్చోకుండా ఇంటికి వచ్చేయండి. ప్రాజెక్టు నడిచేలోపు ఆమె మీకు ఎన్నిసార్లు ఫోను చేసిందో లెక్కపెట్టుకుని, అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబును, ప్రాజెక్టు గురించి వివరించే రీడ్‌మీ ఫైలులో చేర్చండి.